నల్లబడ్డ ఆకు దొంగ కాదు.. సాక్షి!

చెట్టు ఆకులు మసి పూసినట్టు నల్లగా అయిపోయాయా? ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఒక్క పని చేయండి. బొటనవేలు కాస్త తడి చేసుకుని ఆ ఆకు మీద గట్టిగా రుద్దండి. నలుపంతా వేలికి అంటుకుని కింద పచ్చటి ఆకు బయటపడిందా? అయితే ఆకుకి వచ్చిన జబ్బు కాదది. పైన ఎక్కడో ఎవరో కూర్చుని విందు చేసుకుంటున్నారు. ఆ ఎంగిలి కింద పడుతోంది. దాని మీద మసి పెరుగుతోంది.

రైతులు దీన్ని మసి తెగులు అంటారు. మామిడి తోటలున్న ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. సిటీలో మాత్రం పొల్యూషన్ అంటారు, వైరస్ అంటారు, దిష్టి అని కూడా అంటారు. మా అపార్ట్‌మెంట్‌లో ఈ మూడూ అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది.

మాది మియాపూర్ వైపు నాలుగు బ్లాకుల అపార్ట్‌మెంట్. బ్రోచర్‌లో బొమ్మ అందంగా ఉండాలని బిల్డర్ కాంపౌండ్ గోడ పొడవునా 9 కొబ్బరి చెట్లు పెట్టించాడు. వాటి కింద నందివర్ధనం, నూరువరహాలు. ఆ పక్కనే విజిటర్స్ పార్కింగ్. మొన్న ఫిబ్రవరిలో ముందు కార్ల అద్దాల మీద సన్నటి జిగురు చుక్కలు కనిపించాయి. తర్వాత నందివర్ధనం ఆకులు నల్లబడ్డాయి. తర్వాత గోడ, బెంచీ, చివరికి పిల్లల జారుడుబల్ల కూడా. తెల్ల కారున్న వాళ్ల బాధ చెప్పక్కర్లేదు.

గ్రూపులో రోజుకో థియరీ. ఒకరు రోడ్డు దుమ్మన్నారు. ఇంకొకరు ఏదో యాప్‌లో ఫొటో పెడితే ‘ఆకుమచ్చ తెగులు’ అని చూపించిందట, స్క్రీన్‌షాట్ పెట్టారు. సి-బ్లాక్ అంకుల్ ఒకాయన ‘చెట్లు ముసలివైపోయాయి, కొట్టేసి టైల్స్ వేయిద్దాం, నాలుగు కార్లు ఎక్కువ పడతాయి’ అని రాశారు. దానికి 31 థంబ్స్‌అప్‌లు. ఇంకో అడుగు ముందుకేసి, ‘తోటమాలి పట్టించుకోవట్లేదు, ఏజెన్సీకి ఇచ్చేద్దాం’ అన్నారు ఇంకొకరు. నెలాఖరు మీటింగ్ ఎజెండాలో రెండు లైన్లు చేరాయి. ఒకటి చెట్లు కొట్టించడం. రెండోది తోటమాలిని మార్చడం.

మా తోటమాలి తాతది పాలమూరు. పునాదులు తవ్వినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాడు. ఆ సాయంత్రం పైపు పట్టుకుని నిలబడి ఉంటే వెళ్లి అడిగాను, ‘ఏమైంది తాతా వీటికి’ అని.

‘రోగం గాదు బిడ్డా. పైకెల్లి బంక వడ్తుంది. జెప్తే ఎవరింటున్రు?’ అన్నాడు.

ఆ ఒక్క మాటలో సగం శాస్త్రం ఉంది.

పైకి చూడాలి, కిందికి కాదు

మసి తెగులులో అందరూ పొరబడేది ఇక్కడే. నల్లగా కనిపించిన ఆకునే పరీక్షగా చూస్తాం. కానీ నేరం జరిగిన చోటు అది కాదు. పురుగులు పై కొమ్మల్లో, ఆకుల అడుగుభాగాన ఉంటాయి. వాటి నుంచి కారిన జిగురు కిందున్న ఆకుల పైభాగాన పడుతుంది. నలుపు వచ్చేది అక్కడ. మా నందివర్ధనం మీద పురుగన్నదే లేదు. పాపం అది కొబ్బరిచెట్టు కింద ఉండటమే దాని ఖర్మ.

రెండో అంతస్తు మెట్ల దగ్గర కిటికీలోంచి చూస్తే కొబ్బరి మట్టలు చేతికందేంత దగ్గరగా ఉంటాయి. ఒక ఈనె పట్టుకుని తిప్పి చూశాను. ఆకు అడుగున తెల్లగా, ఎవరో చాక్‌పీస్‌తో సున్నాలు చుట్టినట్టు గుండ్రటి ముగ్గులు. మధ్యలో దూదిపోగుల్లాంటి తెల్ల నూలు. వాటి మధ్య తెల్లటి చిన్న చిన్న దోమలు, తట్టినా ఎగరడానికి బద్ధకిస్తూ. జూమ్ చేసి ఫొటో తీసి మా మామయ్యకి పంపాను. ఆయనకి అంబాజీపేట దగ్గర కొబ్బరితోట ఉంది.

నిమిషంలో వాయిస్ మెసేజ్ వచ్చింది. ‘అయ్‌బాబోయ్, ఇది మీ ఊరు కూడా వచ్చేసిందేటమ్మా? సర్పిలాకార తెల్లదోమ. ఆ నల్లాకుని తిట్టమాకు. అది దొంగ కాదు, సాక్షి. దొంగ పైనున్నాడు.’

ఈ ఆర్టికల్‌కి టైటిల్ నాది కాదు, మామయ్యది.

ఇంతకీ ఆ జిగురేంటి?

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. నాకు చాలా నచ్చిన భాగం ఇది.

చెట్టు ఆకుల్లో తయారైన చక్కెర సన్నటి నాళాల గుండా మిగతా భాగాలకి వెళ్తుంది. తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు.. వీటన్నింటికీ సూదిలాంటి నోరుంటుంది. ఆ నాళంలోకి గుచ్చి రసం పీలుస్తాయి. ఆ రసంలో చక్కెర బోలెడంత ఉంటుంది, ఒళ్లు పెరగడానికి కావాల్సిన నత్రజని పదార్థాలు మాత్రం చాలా తక్కువ. కాబట్టి అవి సరిపడా దక్కేవరకూ పురుగు తాగుతూనే ఉండాలి. మిగిలిన చక్కెర నీళ్లని వెనక నుంచి వదిలేయాలి. చెరుకురసం బండి దగ్గర చిటికెడు అల్లం కోసం పది గ్లాసులు తాగి, రసమంతా పారబోసినట్టన్నమాట.

అలా పారబోసిన తియ్యటి నీటికి మన రైతులు పెట్టిన పేరు తేనెమంచు. మామిడి పూతని పాడుచేసే పురుగుని తేనెమంచు పురుగు అనే పిలుస్తారు. పుస్తకాలు చదివి పెట్టిన పేరులా లేదు కదా? తెల్లవారుజామున తోటలోకి వెళ్లి, ఆకుల మీద మెరుపు చూసి, వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్న మనిషెవరో పెట్టిన పేరది.

ఇక మసి. గాలిలో ఎప్పుడూ తిరిగే శిలీంధ్రాల బీజాలు ఈ తీపి మీద వాలి మొలకెత్తుతాయి. ఇందులో ఒకటి కాదు, చాలా రకాలున్నాయి. బాగా ప్రసిద్ధమైనది కాప్నోడియం. గ్రీకులో కాప్నోస్ అంటే పొగ. ఈ బూజు చెట్టులోకి దిగదు, ఆకుని తినదు. ఆకు మీద పడిన చక్కెరని తిని బతుకుతుంది. అందుకే తడివేలితో తుడిస్తే పోతుంది.

మరి చెట్టుకి నష్టం లేదా అంటే, ఉంది. నల్లటి దుప్పటి కప్పుకున్న ఆకుకి ఎండ తగలదు. ఎండ లేకపోతే ఆహారం తయారవదు. అలాంటి ఆకులు త్వరగా పండి రాలిపోతాయి. పైనుంచి పురుగు రసం పీల్చేస్తుంటే ఆ నష్టం వేరే. అయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చెట్టు కేవలం మసి వల్ల చచ్చిపోవడమనేది మామూలుగా జరగదు. గొడ్డలి వల్ల మాత్రం కచ్చితంగా చస్తుంది.

అసలు మసి, నకిలీ మసి

నల్లగా ఉన్నదంతా మసి తెగులు కాదు. రోడ్డు దుమ్ము, బండి పొగ అయితే పొడిపొడిగా ఉంటుంది, జిగురుండదు, వీధిలోని అన్ని చెట్ల మీదా అన్ని వస్తువుల మీదా ఒకేలా పడుతుంది. ఆకుమచ్చ తెగులైతే మచ్చకి ఒక అంచు ఉంటుంది, చుట్టూ పసుపు వలయం కనిపించొచ్చు, రుద్దితే పోదు, ఎందుకంటే అక్కడ ఆకే చచ్చిపోయి ఉంటుంది. మా గ్రూపులో యాప్ చెప్పింది తప్పని తేలింది ఈ లెక్కనే. యాప్ కంటికి నలుపు కనిపించింది. దానికి బొటనవేలు లేదు కదా.

ఇంకో గుర్తు చీమలు. చెట్టు మొదలు దగ్గర చీమలు బారులు తీరి పైకీ కిందికీ తిరుగుతున్నాయంటే పైన తేనెమంచు కారుతోందని చాలాసార్లు అర్థం. చీమలకి అది పాలకేంద్రం. పాలిచ్చే పశువుల్ని కాచుకున్నట్టు ఆ పురుగుల్ని కాచుకుంటాయి, వాటిని తినడానికొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. కాబట్టి మందారం మీద పిండినల్లి ఎంత కడిగినా మళ్లీ మళ్లీ వస్తోందంటే ముందు చీమల సంగతి చూడండి. మొదలు చుట్టూ కాగితమో టేపో చుట్టి, దాని మీద జిగురు రాస్తే చాలు. బెరడు మీద నేరుగా రాయొద్దు. గోడకి తగిలే కొమ్మలు కూడా కత్తిరించాలి, లేకపోతే చీమలు ఆ ఫ్లైఓవర్ వాడేస్తాయి.

పురుగు ఇంకా పైన ఉందా, వెళ్లిపోయిందా అని తెలుసుకోవడానికి నేను కనిపెట్టుకున్న చిట్కా ఒకటుంది. ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేసి, చెట్టు కింద పైకి పెట్టి పది నిమిషాలు వదిలేయండి. పక్కకి వాల్చి లైటు వెలుతురులో చూస్తే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. ఆ రోజు నా ఫోన్ మీద చుక్కలు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. (ఫోన్ పోగొట్టుకుంటే నా పూచీ లేదు. గాజు పలకైనా పర్లేదు.)

బెలీజ్ టు కోనసీమ

మా చెట్ల మీదున్న దోమ లోకల్ కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో కొబ్బరి మీద దొరికిన నమూనాలతో 2004లో శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టారు. 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో, మయామీ చుట్టుపక్కల కనిపించింది. అక్కడది పంట సమస్యకన్నా ఇళ్ల ముందు అందం కోసం పెంచుకునే చెట్ల సమస్య. కార్లు, ఈతకొలనులు, వరండా కుర్చీలు అన్నీ జిగురే. అంటే మా విజిటర్స్ పార్కింగ్ కథ వాళ్లు ముందే చూసేశారు.

మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరితోటల్లో బయటపడింది. కొద్దికాలంలోనే కేరళకీ, మన గోదావరి జిల్లాలకీ వచ్చేసింది. కొబ్బరి ఒక్కటే కాదు, అరటి, జామ, బాదం, అలంకరణ కోసం పెంచే పామ్ చెట్లు, హెలికోనియా.. దీనికి చాలా ఇళ్లున్నాయి. ఇక్కడే కడియం గురించి ఆలోచించాలి. రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశమంతటికీ మొక్కల లారీలు వెళ్తాయి. హైదరాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల ముందు రాత్రికి రాత్రి ప్రత్యక్షమయ్యే పెద్ద పామ్‌లు చాలావరకు అటునుంచి వచ్చేవే. ఆకు అడుగున అంటుకుని వచ్చే గుడ్లకి టికెట్ అడిగే కండక్టర్ ఎవరూ లేరు. ఇది నర్సరీవాళ్లని తప్పుపట్టడం కాదు, వాళ్లూ దీనితో నష్టపోయినవాళ్లే. కొనేవాళ్లం ఆకు తిప్పి చూడం, అదీ గొడవ.

ఆడ తెల్లదోమ గుండ్రంగా తిరుగుతూ గుడ్లు పెట్టి, వాటి మీద తెల్లటి మైనపు పొడి కప్పుతుంది. నేను చూసిన ముగ్గులు అవే. మామూలు తెల్లదోమకన్నా ఇది దాదాపు మూడింతలు పెద్దది. అందుకే మామూలు కంటికే దొరికిపోతుంది.

‘మందు కొట్టేస్తే పోలా?’

మీటింగ్‌కి ముందే కమిటీవాళ్లు ఒక పెస్ట్ కంట్రోల్ మనిషిని పిలిపించారు. ఆయన చెట్టు వైపు ఒకసారి చూసి, 22 వేలు అన్నాడు. ఏం మందు అని అడిగితే ‘స్ట్రాంగ్ మందు’ అన్నాడు. పేరు అడిగితే నవ్వాడు. దాంతోపాటు నలుపుకి శిలీంధ్రనాశిని కూడా కొడతానన్నాడు.

శిలీంధ్రనాశిని ఇక్కడ దండగ. చక్కెర పడుతున్నంతకాలం బూజు మళ్లీ వస్తూనే ఉంటుంది. పంచదార డబ్బా మూత తెరిచిపెట్టి చీమల మందు చల్లినట్టు ఉంటుంది యవ్వారం.

పురుగుమందు సంగతి ఇంకొంచెం చిక్కు. ఈ తెల్లదోమ వెనకాలే దాని శత్రువు కూడా మన దేశానికి వచ్చేసింది. ఎన్‌కార్సియా గ్వాడెలోపే అని, మిల్లీమీటర్ కూడా ఉండని చిన్న కందిరీగ. ఎవరూ పనిగట్టుకుని తేలేదు, దానంతటదే వచ్చింది. తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది. లోపల దాని పిల్ల పెరిగి, ఆ పురుగుని తినేసి, గుండ్రటి చిన్న కన్నం చేసుకుని బయటికొస్తుంది. కన్నం పడిన, నల్లగా మారిన పురుగు పెంకులు ఆకు అడుగున కనిపించాయంటే సైన్యం దిగిందని లెక్క. ఘాటు మందు కొడితే ముందు చచ్చేది ఈ కందిరీగే. తెల్లదోమలు కొన్ని ఎలాగూ మిగులుతాయి, ఈసారి వాటికి అడ్డు ఉండదు. కొబ్బరి విషయంలో శాస్త్రవేత్తలు రసాయనాల జోలికి వెళ్లొద్దని మొత్తుకునేది అందుకే. పైగా ఆ చెట్ల బొండాలు మా పిల్లలు తాగుతారు. చెట్టు లోపలికి ఎక్కే మందు మొదట్లో పోస్తే అది ఎక్కడెక్కడికి చేరుతుందో ఆలోచించండి. పూలున్న చెట్లయితే తేనెటీగలకి కూడా.

మీటింగ్‌లో నేను ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. తాతని ముందు కూర్చోబెట్టి, ఒక మట్ట కోయించి తెప్పించి, తడిగుడ్డతో నందివర్ధనం ఆకు తుడిచి అందరికీ చూపించాం. మట్ట తిప్పి ముగ్గులు చూపించాం. సి-బ్లాక్ అంకుల్ కళ్లజోడు సవరించుకుని, ‘అంటే కడిగితే పోతుందంటారా’ అన్నారు. ‘కడగాల్సింది నల్లాకు ఒక్కటే కాదు సారూ, పైనున్న తెల్లాకు గూడ’ అన్నాడు తాత. జూన్ దాకా టైమిచ్చారు. రెండు ఎజెండాలకీ కలిపి అదే గడువు.

మేం చేసిందేంటంటే..

మొదటి ఆయుధం నీళ్లు. కారు కడిగే ప్రెషర్ పంపు అద్దెకి తెచ్చి, మెట్ల కిటికీల నుంచీ నిచ్చెన మీంచీ మట్టల అడుగుభాగానికి కొట్టించాం. ఉదయం పూట, వారానికోసారి, నాలుగు వారాలు. ఆకు చీరుకుపోయేంత జోరు పెట్టకూడదు. ఎండాకాలంలో ఇన్ని నీళ్లా అని ఒక గొడవ జరిగింది. ఆ నెల బాల్కనీలు కడగడం మానేసి సర్దుకున్నాం.

తర్వాత వేపనూనె. లీటరు నీళ్లకి 10 మిల్లీలీటర్లు, సబ్బు కలిపి. సబ్బు లేకపోతే నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. ఎండ తగ్గాక సాయంత్రం కొట్టాలి. ముందు నాలుగైదు ఆకుల మీద కొట్టి, రెండు రోజులు ఆగి, మాడలేదని చూసుకున్నాకే మిగతా చెట్టుకి. ఆకు అడుగున తగలకపోతే కొట్టినా కొట్టనట్టే.

పసుపుపచ్చ ప్లాస్టిక్ షీట్లకి ఆముదం రాసి చెట్ల మధ్య కట్టాం. తెల్లదోమకి పసుపంటే పిచ్చి, వచ్చి అతుక్కుంటుంది. దీనితో దోమ పూర్తిగా పోదు కానీ ఎన్ని ఉన్నాయో అంచనాకి పనికొస్తుంది. పిల్లలకైతే ఇదే పెద్ద వినోదం, రోజూ స్కూల్ నుంచి రాగానే లెక్క.

మామయ్య బస్సు పార్శిల్‌లో పంపింది అసలు సరుకు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు ఈ తెల్లదోమకి జబ్బు తెప్పించే ఒక శిలీంధ్రాన్ని పెంచి రైతులకి ఇస్తున్నారు. పేరు ఐసేరియా ఫ్యుమోసోరోసియా. లీటరుకి 5 గ్రాములు. పురుగు ఒంటి మీద మొలిచి దాన్ని చంపుతుంది. గాలిలో తేమ ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది, కాబట్టి ఎర్రటి ఎండలో కొట్టి ఫలితం లేదనుకోవద్దు. తొలి జల్లులు పడ్డాక సాయంత్రం కొట్టాం. శిలీంధ్రంతో వచ్చిన గొడవని ఇంకో శిలీంధ్రంతో తీర్చడం నాకు భలే నచ్చింది. దీనితోపాటు శిలీంధ్రనాశిని కొడితే మాత్రం మన సైన్యాన్ని మనమే కాల్చుకున్నట్టు.

ఇక మిగిలిన మసికి గంజి. నవ్వొద్దు. మైదా కేజీ 5 లీటర్ల నీళ్లలో ఉడికించి, 20 లీటర్లకి పలచన చేసి, నల్లబడ్డ ఆకుల మీద కొట్టడం మామిడి రైతుల పాత పద్ధతి. ఎండకి గంజి ఎండి పొరలా లేస్తుంది, దాంతోపాటు మసి కూడా ఊడొస్తుంది. మబ్బు పట్టిన రోజు చేయకూడదు, ఆరదు. మా నూరువరహాల మీద అది రేకులు రేకులుగా ఊడుతుంటే ఎ-బ్లాక్ ఆంటీ ‘ఫేస్ ప్యాక్ తీసినట్టుంది’ అన్నారు. కేరళ కాయంకుళంలోని కొబ్బరి పరిశోధన కేంద్రం వాళ్లు ఈ మసినే మేసే ఒక పెంకు పురుగుని కూడా గుర్తించారు. ప్రకృతిలో గంజి అవసరం లేని చోట్లు కూడా ఉన్నాయన్నమాట.

ఒక హెచ్చరిక. ఎంత చేసినా పాత ఆకుల నలుపు వెంటనే పోదు. పురుగు చచ్చాక కూడా ఎండిన మసి వానకి కరిగేదాకానో, ఆకు రాలేదాకానో అలాగే ఉంటుంది. పని జరుగుతోందా లేదా అన్నది పాత ఆకుని చూసి కాదు, కొత్తగా వచ్చిన ఆకుని చూసి చెప్పాలి. ఏప్రిల్లో గ్రూపులో ‘ఏం మారలేదు’ అని పెట్టిన ఫొటోలన్నీ పాత ఆకులవే. మేం కొత్తమట్ట ఫొటో పెట్టేవాళ్లం, కింద నా ఫోన్ స్క్రీన్ ఫొటో. మే చివరికి చుక్కలు పదిలోపు వచ్చాయి. అప్పటికే కొన్ని మట్టల అడుగున కన్నాలు పడిన నల్ల పెంకులు దొరికాయి. తాత ఆ ఈనెల్ని కత్తిరించి, ఇంకా తెల్లగా ఉన్న చెట్లకి దారంతో కట్టాడు. కందిరీగలు అటు పాకడానికి. కోనసీమలో రైతులు చేసేది కూడా ఇదే.

డాలస్‌లో ఇంకో వెర్షన్

ఈ సంగతులు ఫ్యామిలీ గ్రూపులో చెబుతుంటే, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా కజిన్ వాళ్ల ఇంటి ముందు చెట్టు ఫొటో పంపాడు. కొమ్మలు, కాండం కూడా బొగ్గులా ఉన్నాయి. అది క్రేప్ మిర్టిల్. మన రోడ్ల పక్కన వేసవిలో ఊదారంగు పూలు పూసే జారుల్‌కి దగ్గరి చుట్టం. టెక్సాస్‌లో వీధి వీధికీ ఉంటుంది. దాని మీద పడింది వేరే దొంగ, ఒక రకం బెరడు పొలుసు పురుగు. తూర్పు ఆసియా నుంచి వచ్చి అమెరికాలో 2004లో మొదటిసారి కనిపించింది కూడా డాలస్ శివారు రిచర్డ్‌సన్‌లోనే.

గుర్తుపట్టడం తేలిక. కొమ్మ మీద, కత్తిరించిన చోట్ల తెల్లటి ఉన్ని ముద్దల్లా ఉంటాయి. నలిపితే గులాబీరంగు రసం వస్తుంది. ‘వచ్చింది రా బాబూ, పింక్!’ అని వాడు వీడియో పెట్టాడు. చలికాలంలో ఆకులు రాలాక మెత్తటి బ్రష్, సబ్బునీళ్లతో అందినంతమేర కాండాన్ని రుద్ది కడగడం అక్కడివాళ్లు ముందుగా చెప్పే పని. పురుగులూ పోతాయి, నలుపూ పోతుంది. మొదట్లో పోసే రసాయనాలు అక్కడ దొరుకుతాయి కానీ, ఆ పూల పుప్పొడి కోసం తేనెటీగలు వస్తాయి కాబట్టి తప్పనిసరైతేనే వాడాలి. తెల్ల ఉన్ని మధ్య తిరిగే ఎర్రచుక్కల నల్ల అక్షింతల పురుగు కనిపిస్తే దాన్ని వదిలేయమని చెప్పాను, అది మనవైపు.

జూన్ తర్వాత

వానలు మొదలయ్యాక మిగతా పని ఆకాశం చేసింది. గట్టి వాన తెల్లదోమని కొట్టుకుపోతుంది, మసిని కడుగుతుంది. జులై మీటింగ్‌లో చెట్ల ఐటమ్ చర్చకే రాలేదు. తాత కాంట్రాక్ట్ ఇంకో ఏడాది పొడిగించారు, 1,500 పెంచారు కూడా. పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఒకటి రెండు చెట్ల మీద ముగ్గులు ఇంకా ఉన్నాయి. కందిరీగలు బతకాలంటే వాటికీ కాస్త తిండి ఉండాలి కదా. రేపు ఎండలు ముదిరితే మళ్లీ పెరగొచ్చు, మళ్లీ పంపు తేవాలి. గడ్డికి యూరియా గుప్పించడం మాత్రం మానేశాం, ఎందుకంటే నత్రజని ఎక్కువై లేతగా, రసంగా పెరిగే చిగురంటే ఈ పురుగులకి మహా ఇష్టం.

కారు మీద జిగురు పడితే ఎండకి గట్టిపడకముందే గోరువెచ్చటి నీళ్లతో కడిగేయండి. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ఇది సి-బ్లాక్ అంకుల్ చెప్పిన చిట్కా. ఆయన తెల్ల కారు ఇప్పటికీ కొబ్బరిచెట్టు కిందే ఉంటుంది, నీడ బాగుంటుందట.

పోయిన వారం క్లబ్‌హౌస్ ముందు పెట్టడానికి ఆరు పామ్ మొక్కలు లారీలో వచ్చాయి. డ్రైవర్ దించడానికి తొందరపడుతుంటే తాత అడ్డం నిలబడి ఒక్కో ఆకు తిప్పి చూశాడు. రెండిటిని వెనక్కి పంపించేశాడు. మిగతా నాలుగూ రెండు వారాలు గేటు పక్కనే, మిగతా చెట్లకి దూరంగా ఉంటాయి.

‘ఏం తాతా, క్వారంటైనా?’ అంటే నవ్వాడు. ‘మీరేమంటరో నాకు దెల్వదు బిడ్డా. కొత్త బర్రెను తెస్తే గూడ మేము గిట్లనే దూరం కడ్తుంటిమి.’